ఏ షెర్రీ కొనాలి? ఫీనో నుండి పేద్రో హిమేనెస్ వరకు ఒక పోలిక

షెర్రీ అనే ఒకే పేరు గల రెండు సీసాలను పక్కపక్కన తెరిస్తే, ఒకదానిలో లేత ఎండుగడ్డి రంగుతో, నాలుకకు తీపి జాడే తెలియకుండా, సముద్రపు గాలి సోకినట్టుండే వైన్ ఉండవచ్చు. రెండవదానిలో తాటిబెల్లం పాకంలా నల్లగా, చిక్కగా, గ్లాసు గోడను పట్టుకొని నెమ్మదిగా జారే వైన్ ఉండవచ్చు. ఈ రెండూ స్పెయిన్ దక్షిణ కొసన, అండలూసియాలోని కాదిస్ ప్రావిన్సులో, హెరెస్ దె లా ఫ్రొంతేరా, సాన్‌లూకార్ దె బార్రామెదా, ఎల్ పువెర్తో దె సాంతా మరియా అనే మూడు పట్టణాల చుట్టూ తయారయ్యేవే. ఇంత తేడా ఉన్న వైన్లకు ఒకే పేరు ఉండడం వల్ల, మొదటిసారి కొన్నవారిలో చాలామంది తమకు నచ్చే రకం చేతికి రాకముందే షెర్రీకి దూరమవుతారు.

దుకాణంలో మనం సాధారణంగా రంగు చూస్తాం, లేదా తీపిగా ఉంటుందా అని అడుగుతాం. షెర్రీ విషయంలో వాటికంటే ముందుగా తెలుసుకోవలసినది ఒకటి ఉంది: ఈ వైన్ పీపాలో గాలి తగలకుండా మాగిందా, గాలి తగులుతూ మాగిందా? రుచి, రంగు, దానితో ఏమి తినాలి, తెరిచిన సీసా ఎన్నాళ్లు నిలుస్తుంది అనే విషయాలన్నీ ఈ ఒక్క తేడా నుండే పుడతాయి. కాబట్టి ఏది కొనాలో చెప్పే ముందు, పీపాలో జరిగేదేమిటో కొంత వివరంగా చెప్పడం అవసరం.

పీపాలో జరిగేది

హెరెస్ చుట్టుపక్కల నేలను ఆల్బారీసా అంటారు. సున్నం ఎక్కువగా ఉన్న ఈ తెల్లమట్టి చలికాలపు వానను పీల్చుకొని, ఎండాకాలంలో పైపొర గట్టిపడి, లోపలి తేమను తీగల వేళ్ల కోసం దాచిపెడుతుంది. చుక్క వాన పడని నెలల్లో కూడా అక్కడ ద్రాక్ష పండడానికి కారణం ఇదే. ఆ నేలలో పండే ముఖ్యమైన ద్రాక్ష పాలోమీనో. తినడానికి అంత రుచిగా ఉండని, పులుపు తక్కువగా ఉండే ఈ ద్రాక్షరసాన్ని పూర్తిగా పులియబెడితే, సుమారు 11 నుండి 12 శాతం ఆల్కహాలుతో, తీపి లేని, సాదాసీదా తెల్లవైన్ వస్తుంది. షెర్రీకి మనం మెచ్చుకునే గుణాలలో చాలా భాగం ఆ తర్వాత పీపాలోనే కలుగుతాయి.

ఆ తెల్లవైన్‌ను రుచి చూసి, సున్నితంగా ఉన్నదానికి ద్రాక్ష నుండి తీసిన స్పిరిట్ కలిపి ఆల్కహాలును 15 శాతానికి పెంచుతారు. దిట్టంగా ఉన్నదానిని 17 శాతం దాటిస్తారు. ఈ రెండు శాతాల తేడాయే రెండు కుటుంబాలను విడదీస్తుంది. 15 శాతం దగ్గర వైన్ ఉపరితలం మీద ఈస్టు తెల్లని తెరలా కమ్ముకుంటుంది. దానిని స్పానిష్‌లో ఫ్లోర్, అంటే పువ్వు, అంటారు. చూడడానికి పాల మీద మీగడలా ఉండే ఈ పొర, ఆవకాయ జాడీలో పైన తేలే నూనె మామిడి ముక్కలకు గాలి తగలకుండా చేసినట్టే, కింది వైన్‌కు గాలి తగలకుండా కాపాడుతుంది. అయితే నూనె ఊరికే తేలుతుంది, ఈ పొర మాత్రం బతికి ఉంటుంది. వైన్‌లో మిగిలిన చక్కెరను, గ్లిజరిన్‌ను, కొంత ఆల్కహాలును కూడా తింటూ, దానికి పచ్చి బాదం, కోసిపెట్టిన ఆపిల్, రొట్టె పిండిని తలపించే వాసనను ఇస్తుంది. ఆల్కహాలు 17 శాతం దాటితే ఈ ఈస్టు బతకదు. అప్పుడు వైన్ నేరుగా గాలికి గురై, ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురు రంగుకు తిరిగి, అక్రోటు, ఎండిన నారింజ తొక్క, పాత చెక్క వాసనలను సంతరించుకుంటుంది.

600 లీటర్లు పట్టే పీపాలను కావాలనే పూర్తిగా నింపరు. సుమారు 500 లీటర్లు పోసి, పైన ఖాళీ వదులుతారు; పొర కమ్ముకోవడానికైనా, గాలి తన పని చేయడానికైనా ఆ చోటు కావాలి. ఆ పీపాలు వరుసలుగా ఉంటాయి. సీసాల్లోకి నింపే వైన్‌ను నేల మీది వరుస నుండి, అంటే సొలేరా నుండి, కొంత భాగమే తీస్తారు. ఆ వెలితిని దాని పై వరుస వైన్‌తో, దాని వెలితిని ఇంకా పై వరుసతో పూరిస్తూ పోయి, అన్నిటికన్నా పై వరుసలో కొత్త వైన్ పోస్తారు. మన ఇళ్లలో నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలను తోడుపెట్టడం తెలిసినవారికి ఇందులోని ఆలోచన వెంటనే అర్థమవుతుంది: పాతది ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు, కొత్తది వచ్చి దాని గుణాన్ని అందుకుంటుంది. అందువల్లనే చాలా షెర్రీ సీసాల మీద పంట సంవత్సరం ఉండదు. ఎక్కడైనా పాత సంవత్సరం ఏదో అచ్చువేసి ఉంటే, సాధారణంగా అది ఆ పీపాల వరుసను మొదలుపెట్టిన సంవత్సరమే గాని, సీసాలోని వైన్ వయసు కాదు. దానిని చూసి ఎక్కువ ధర చెల్లించవలసిన పని లేదు.

తీపి షెర్రీయే షెర్రీ అనే అపోహ ఎక్కడిది

ఈ ప్రాంతంలో ద్రాక్ష సాగును ప్రాచీన సముద్ర వర్తకులైన ఫినీషియన్లు తెచ్చారంటారు. అరబ్బుల పాలనలో ఈ ఊరి పేరు షెరిష్. 1264లో రాజు పదవ అల్ఫోన్సో దానిని జయించిన తర్వాత స్పానిష్ వారి నోట అది హెరెస్‌గా స్థిరపడింది, ఇంగ్లీషువారి నోట మాత్రం షెరిష్ షెర్రీ అయింది. 1587లో ఇంగ్లీషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ కాదిస్ ఓడరేవు మీద దాడి చేసి, సుమారు 2,900 పీపాల వైన్‌ను ఇంగ్లండుకు తరలించుకుపోయాడు. ఆ తర్వాత శతాబ్దాల పాటు షెర్రీకి పెద్ద కొనుగోలుదారు బ్రిటనే. అక్కడి అభిరుచికి తగినట్టు, ముదురు వైన్‌లో తీపి వైన్ కలిపి చేసిన క్రీమ్ షెర్రీ ఎంతగా వ్యాపించిందంటే, షెర్రీ అంటే తీయని వైన్ అని ప్రపంచంలో సగం మంది అనుకునే స్థితి వచ్చింది. హెరెస్‌లోనూ, సెవీయా (సెవిల్) నగరపు తిరునాళ్లలోనూ జనం తాగేది అది కాదు. అక్కడ బల్లమీద చల్లని, తీపి లేని ఫీనో గాని మాన్సానీయా గాని, అంటే ఫ్లోర్ పొర కింద మాగిన షెర్రీ, ఉంటుంది.

ఈ చరిత్ర వల్ల కొనేవారికి ఇంకొక ప్రయోజనమూ ఉంది. హెరెస్ వైన్లకు స్పెయిన్‌లో మొట్టమొదటి ప్రాంతీయ రక్షణ 1930ల తొలి భాగంలోనే లభించింది; 1996 నుండి యూరప్‌లో షెర్రీ అనే పేరును ఈ ప్రాంతపు వైన్‌కే వాడాలి. అమెరికాలో మాత్రం కాలిఫోర్నియా షెర్రీ పేరుతో వేరే వైన్లు ఇప్పటికీ దొరుకుతాయి. అసలైన సీసా మీద సాధారణంగా హెరెస్, షెరెస్, షెర్రీ (Jerez-Xérès-Sherry) అనే మూడు పేర్లు ఒకే వరుసలో ఉంటాయి. అమెరికాలో ఉన్న తెలుగువారు ముందుగా ఆ వరుసను వెతకడం మంచిది. వంటకని ఉప్పు కలిపి అమ్మే షెర్రీని వంటలో కూడా వాడవద్దని నా సలహా.

ఫీనోనా, మాన్సానీయానా

రెండూ పాలోమీనో నుండే, రెండూ ఫ్లోర్ పొర కిందనే, రెండూ 15 శాతం ఆల్కహాలు దగ్గరే తయారవుతాయి. తేడా ఊరిది. మాన్సానీయా అనే పేరు సాన్‌లూకార్ పట్టణంలో మాగిన వైన్‌కే చెల్లుతుంది. గ్వాదల్కివీర్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ పట్టణంలో గాలి చల్లగా, తేమగా ఉండడం వల్ల ఈస్టు పొర ఏడాది పొడవునా దట్టంగా నిలుస్తుంది. సముద్రానికి దూరంగా, వేడిగా ఉండే హెరెస్‌లో అది వేసవిలోనూ చలికాలంలోనూ పలచబడుతుంది. ఫలితంగా మాన్సానీయా మరింత తేలికగా, ఉప్పదనం తోచేలా ఉంటుంది. హెరెస్ ఫీనోలో బాదం రుచి, కొంత నిండుదనం ఎక్కువ.

గుడ్డిగా రుచి చూస్తే అనుభవజ్ఞులు కూడా కొన్నిసార్లు పొరపడేంత దగ్గరి బంధువులివి. కాబట్టి ఈ రెండింటిలో ఏది అని ఎక్కువ ఆలోచించడం కన్నా, ఏది తాజాగా ఉందో చూసుకోవడం మేలు. లా గీతా, లా హితానా అనే మాన్సానీయాలు, 1835లో మొదలైన గోన్సాలెస్ బయాస్ సంస్థ వారి తీయో పేపే అనే ఫీనో చాలా దేశాల్లో దొరుకుతాయి. తీయో పేపే అంటే పేపే మామయ్య. సంస్థ స్థాపకుడికి షెర్రీ పని నేర్పిన మేనమామ పేరది. ఇవి ఏళ్ల తరబడి దాచుకోదగిన వైన్లు కావు. నింపిన ఏడాదిలోపు తాగాలి, తెరిచిన తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు ముగించాలి. దుమ్ము పట్టి, ఎండ తగిలే అరలో రెండు మూడేళ్లుగా నిలబడి ఉన్న ఫీనో, ఎంత పేరున్న సంస్థదైనా, తాజాగా వచ్చిన చవక ఫీనో ముందు ఓడిపోతుంది. ఎన్ రామా అని రాసి ఉన్న సీసాలో దాదాపు వడకట్టని వైన్ ఉంటుంది. తాజాగా దొరికితే దానికి కాస్త ఎక్కువ ధర ఇవ్వడం సమంజసమే.

అమొంతియాదోనా, ఒలొరోసోనా

నా దృష్టిలో తెలుగు పాఠకులు షెర్రీని ఇక్కడి నుండి మొదలుపెట్టడం మంచిది. ఫీనోలోని ఈస్టు వాసన కొందరికి మొదటి గుక్కలో వింతగా తోస్తుంది. వేయించిన పప్పుల వాసన, ఊరిన రుచుల లోతు తెలిసిన మనకు మాత్రం అమొంతియాదో తెలియని వైన్‌లా అనిపించదు.

అమొంతియాదో రెండు జీవితాలు గడిపిన వైన్. కొన్నేళ్లు ఫీనోగా పొర కింద మాగి, తర్వాత ఆ పొర తిండి చాలక తానుగా చనిపోవడం వల్ల గాని, స్పిరిట్ మళ్లీ కలపడం వల్ల గాని, గాలికి గురై రెండవ మాగుదలకు వెళుతుంది. అందువల్ల దానిలో ఫీనోలోని చురుకుదనం అడుగున ఉండగానే, పైన వేయించిన హేజెల్‌నట్, తేనెరంగు చెక్క వాసన వస్తాయి. వాసన తీపిని ఆశపెడుతుంది గాని, అసలైన అమొంతియాదోలో తీపి ఉండదు. ఈ విషయం ముందే తెలిసి ఉంటే మొదటి గుక్కలో నిరాశ కలగదు.

ఒలొరోసో అంటే సువాసన గలది. ఇది మొదటి నుండీ పొర లేకుండా, 17 శాతానికి పైబడిన ఆల్కహాలుతో గాలిలోనే మాగుతుంది. పీపా చెక్కలోంచి ఏటా కొంత నీరు ఆవిరైపోతూ ఉండడం వల్ల వైన్ చిక్కబడుతుంది, ఆల్కహాలు పెరుగుతుంది; పాత ఒలొరోసోలు 20 శాతం దాటుతాయి. గ్లిజరిన్‌ను తినే ఈస్టు లేదు కాబట్టి అది నోటిలో గుండ్రంగా, నిండుగా, తీపి లేకపోయినా తీపి అనే భ్రమ కలిగించేలా ఉంటుంది. షెర్రీ పీపాల్లో మాగిన విస్కీని ఇష్టపడేవారికి, బెంగళూరు అమృత్ సంస్థ చేసే అటువంటి విస్కీల రుచి తెలిసినవారికి, ఒలొరోసో వాసన పరిచితంగా అనిపిస్తుంది. అయితే నేటి విస్కీ పీపాల్లో ఎక్కువ భాగం సొలేరా వరుసల్లోనివి కావు. విస్కీ కోసమే షెర్రీ నింపి సిద్ధం చేసినవి.

ఈ రెండింటిలో ఒక్కటే కొనగలిగితే, భోజనంతో తీసుకోవాలనుకునేవారు అమొంతియాదోను, భోజనం తర్వాత తీరికగా కూర్చుని చిన్న గ్లాసు తీసుకోవాలనుకునేవారు ఒలొరోసోను ఎంచుకోవాలి. ఒలొరోసో అడుగుతూ, అది డ్రై, అంటే తీపి లేనిది, అవునో కాదో సీసా మీద చూసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే పాత సీసాల్లో తీపి చేసిన ఒలొరోసోలు కూడా ఉన్నాయి. మీడియం అని రాసి ఉన్న అమొంతియాదో కూడా తీపి కలిపినదే.

పాలో కోర్తాదో గురించి కొద్దిగా చెప్పాలి. సెల్లారు పెద్దలు సున్నితమైన వైన్ ఉన్న పీపా మీద సుద్దతో నిలువు గీత గీసేవారు. పొర నిలవక దారి మారిన పీపా మీద ఆ గీతను అడ్డంగా కొట్టేవారు. కొట్టివేసిన గీత అని ఆ పేరుకు అర్థం. అమొంతియాదో వాసన, ఒలొరోసో నిండుదనం ఒకచోట చేరిన వైన్ ఇది. అరుదుగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మొదటి సీసాగా దీనిని కొనవద్దు. ముందు ఆ రెండూ తెలిస్తేనే దీని గొప్పతనం తెలుస్తుంది.

తీపి కావాలనుకునేవారికి

పేద్రో హిమేనెస్ అనేది ద్రాక్ష పేరు, వైన్ పేరు కూడా. కోసిన గుత్తులను ఎండలో చాపల మీద పరచి, దాదాపు ఎండుద్రాక్ష అయ్యేదాకా ఆరబెట్టి, ఆ చిక్కని రసంతో చేస్తారు. లీటరుకు కనీసం 212 గ్రాముల చక్కెర ఉండాలని నియమం. చాలా సీసాల్లో అంతకన్నా ఎంతో ఎక్కువ ఉంటుంది. ఎండు అంజూరం, ఖర్జూరం, కాచిన బెల్లం, కాఫీ గుర్తుకు వచ్చే ఈ వైన్‌ను తాగడం కన్నా వెనిలా ఐస్‌క్రీమ్ మీద రెండు చెంచాలు పోసుకోవడమే మంచి పద్ధతి అని నేను నమ్ముతాను.

క్రీమ్ షెర్రీ అంటే ఒలొరోసోలో పేద్రో హిమేనెస్ కలిపినది. చక్కెర లీటరుకు 115 నుండి 140 గ్రాములు. బాగా చేసినది నిజంగా బాగుంటుంది, ఐసు ముక్కలు, నారింజ ముక్క వేసుకుంటే ఇంకా బాగుంటుంది. కానీ చవకదానికి, మంచిదానికి ఉన్న దూరం ఈ రకంలోనే అన్నిటికన్నా ఎక్కువ. ఫీనోకు తీపి చేర్చి అమ్మే పేల్ క్రీమ్‌ను నేను ఎవరికీ సూచించను: అందులో ఫీనో చురుకుదనమూ మిగలదు, ఒలొరోసో లోతూ రాదు.

మన వంటలతో

నీటిలో ఈదేదానికి ఫీనో, గాలిలో ఎగిరేదానికి అమొంతియాదో, నేల మీద పరిగెత్తేదానికి ఒలొరోసో అని షెర్రీ ప్రియుల్లో ఒక నానుడి ఉంది. అక్కడి వంటకు అది సరిగ్గా సరిపోతుంది. మన వంటకు కొంత సవరించాలి. ఆల్కహాలు కారాన్ని రెట్టిస్తుంది కాబట్టి, గుంటూరు కారం దండిగా పడిన కోడికూరతో 20 శాతం ఒలొరోసో తాగితే నోరు మండడమే మిగులుతుంది. చింతపండు పులుసుల ముందు, పులుపు తక్కువైన షెర్రీ చప్పగా తోస్తుంది.

వేపుళ్ల దగ్గర మాత్రం షెర్రీకి సాటి వచ్చే వైన్లు తక్కువ. కాదిస్ తీరంలో నూనెలో వేయించిన చిన్న చేపలతో ఫీనో తాగడం అక్కడివారి నిత్యవ్యవహారం; మన ఉల్లి పకోడీ, జీడిపప్పు వేపుడు, కారం తగ్గించిన రొయ్యల వేపుడు, అప్పడాలు కూడా చల్లని మాన్సానీయాతో అంతే చక్కగా కలుస్తాయి. నూనె జిడ్డును ఆ పొడి రుచి కోసేస్తుంది, ఉప్పుకు ఉప్పు తోడవుతుంది. పుట్టగొడుగులు, మిరియాలు వేసిన కోడివేపుడు అమొంతియాదోకు తగినవి. వేట మాంసాన్ని గరం మసాలాతో, కారం కన్నా ఉల్లిపాయ ఎక్కువగా వేసి నెమ్మదిగా ఉడికించిన కూర ఒలొరోసోకు సరైన జోడీ.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

భారతదేశంలో దొరికే రకాలు తక్కువ, దిగుమతి సుంకం వల్ల ధరలు ఎక్కువ. ఇక్కడ ఫీనో దొరికినా అది ఎంత కాలంగా, ఏ వేడిలో నిలవ ఉందో తెలియదు కాబట్టి, ఇప్పటికే గాలికి అలవాటుపడి వేడిని కొంతైనా తట్టుకోగల ఒలొరోసో గాని అమొంతియాదో గాని కొనడం క్షేమం. బ్రిటన్‌లో ఉన్నవారికి ఈ ఇబ్బంది లేదు. సూపర్ మార్కెట్లలో కూడా తాజా ఫీనో సరసమైన ధరకు దొరుకుతుంది, 375 మిల్లీలీటర్ల సగం సీసాలు ఉంటే మొదట అవే తీసుకోవాలి. హెరెస్‌కు ఈశాన్యంగా కోర్దొబా ప్రావిన్సులో ఉన్న మోంతియా-మోరీలెస్ ప్రాంతం వైన్లను కూడా గుర్తుంచుకోండి. అమొంతియాదోకు పేరు వచ్చింది ఆ మోంతియా నుండే. అక్కడ పేద్రో హిమేనెస్ ద్రాక్షతోనే తీపి లేని ఫీనో కూడా చేస్తారు. ఎండ ఎక్కువ కావడంతో ద్రాక్షలో చక్కెర పెరిగి, స్పిరిట్ కలపకుండానే వైన్ 15 శాతానికి చేరుతుంది. షెర్రీ అనే పేరు లేకపోవడం వల్ల ధర తక్కువ, నాణ్యత మాత్రం తక్కువ కాదు.

ఖరీదైన బహుమతి ఇవ్వాలంటే సీసా మీద వి.ఓ.ఎస్. గాని వి.ఓ.ఆర్.ఎస్. గాని ఉందేమో చూడాలి. సగటున 20 ఏళ్లు, 30 ఏళ్లు పైబడిన వైన్లకు 2000 సంవత్సరం నుండి హెరెస్ వైన్ల నియంత్రణ మండలి ఇస్తున్న ధ్రువీకరణ ఇది. అంత పాత వైన్ ఘాటుగా, కొంత చేదుగా కూడా ఉంటుంది. షెర్రీ అలవాటు లేనివారికి ఇచ్చే బహుమతి కాదు.

ఏ రకమైనా 15 నుండి 22 శాతం ఆల్కహాలు ఉంటుంది, అంటే మామూలు వైన్ కన్నా గణనీయంగా ఎక్కువ. గ్లాసులో 75 మిల్లీలీటర్లు పోస్తే చాలు. ఆ గ్లాసు పాతకాలపు బుల్లి గ్లాసు కాకుండా, తెల్లవైన్‌కు వాడే మామూలు గ్లాసే అయితే వాసనకు చోటు ఉంటుంది. ఫీనోను, మాన్సానీయాను 7 నుండి 9 డిగ్రీల వరకు బాగా చల్లబరచాలి. అమొంతియాదో, ఒలొరోసోలకు 12 నుండి 14 డిగ్రీలు చాలు, మన వేసవిలో గది వేడిలో వాటిని పోయకూడదు. తెరిచిన అమొంతియాదో రెండు మూడు వారాలు, ఒలొరోసో నెల నుండి నెలన్నర, పేద్రో హిమేనెస్ రెండు నెలల వరకు ఫ్రిజ్‌లో బాగానే ఉంటాయి. సీసాలను పడుకోబెట్టకుండా నిలువుగా ఉంచాలి, తెరిచిన తేదీని చిన్న కాగితం మీద రాసి సీసాకు అంటించాలి.